రాళ్లగట్టు కాడ లైటు ఆర్పాలె

భేజ్జి నుంచి కొంటాకు పోయే దారిల రాళ్లగట్టు అని ఒక ఎత్తు ఉన్నది. పగలు చూస్తే ఏముండదు. ఒక పక్క తునికి చెట్లు, ఇంకో పక్క వాగులకు దిగిపోయే ఒడ్డు. రోడ్డు వారన వరసగా నల్లరాళ్లు. చచ్చిపోయిన పెద్దల పేరు మీద ఊరోళ్లు నిలిపినవి. కొన్ని మనిషంత ఎత్తు, కొన్ని మోకాలంత. పగలు మేకలు వాటికి వీపు రుద్దుకుంటయ్.

రాత్రి సంగతి వేరు.

రాత్రి ఆ పెద్దల మీద వెలుగు పడొద్దంటరు. పడితే... వాళ్లు తల తిప్పుతరు. తిప్పి ఎవరి ముఖం చూస్తరో, ఆ మనిషి ఏడాది దాటడు. అందుకే ఆ దారిన తిరిగే ఏ డ్రైవరైనా సరే, గట్టు ఎక్కి రాళ్ల కాడికి రాంగనే ఒకసారి హారన్ కొట్టి లైట్లు ఆర్పేస్తడు. ఆ కాస్త దూరం చీకట్ల తడుముకుంట నడిపి, రాళ్లు దాటినంక మళ్లీ వేస్తడు. బయటి లారీలోళ్లు ఇది చూసి నవ్వుతరు. నవ్వనీ. వాళ్లు ఒక్క రాత్రి పోయేటోళ్లు. ఊరోళ్లు బతికినన్నాళ్లు ఆ దారినే పోవాలె గద!

నిరుటి నుంచి ఆ గట్టుకు ఇంకో చెడ్డపేరు తోడైంది. అక్కడ జీపు లైట్లు మాడిపోతయ్. అందరివీ కాదు — లచ్చు జీపువే.

లచ్చు జీపంటే నిజానికి అది వాళ్లన్న కేసాది. అన్నదమ్ములిద్దరు దాని మీదనే బతికిన్రు. సంతకు జనాన్ని తీసుకపోవుడు, తీసుకొచ్చుడు. నిరుడు తొలకరి వానలప్పుడు, కొంటా సంతకు పోయిన జనాన్ని తీసుకరానికి రాత్రి ఇద్దరే పోతున్నరు. కేసా స్టీరింగు మీద ఉన్నడు. గట్టెక్కిండు, హారన్ కొట్టిండు, లైట్లు ఆర్పిండు, రాళ్లు దాటిండు. మళ్లీ స్విచ్చి తిప్పిండు...

టప్.

రెండు లైట్లూ ఒక్కసారే పోయినయ్. కుండల తల పెట్టినట్టు చీకటి. కేసా మనిషి మంచోడు, ధైర్యం గలోడు. తమ్మున్ని స్టీరింగు ముందు కూసోబెట్టి తను టార్చి పట్టుకొని దిగిండు. "నేను ముందు నడుస్త తమ్మీ. నా వెలుగు పట్టుకొని మెల్లగ రా" అన్నడు.

అట్ల కొంత దూరం పోయిన్రు. దిగువ మలుపుల ఎదురుగ లారీ... కేసా ముందు చూసిండు. వెనక్కి తిరిగి టార్చిని పక్కకు ఊపిండు, పక్కకు, పక్కకు అని. లచ్చు జీపును పక్కకు లాగిండు. జీపు బతికింది. లారీ ఆగలేదు.

లచ్చు దిగి ఉరికేసరికి అన్న ప్రాణం పోయింది. టార్చి మాత్రం పొదల్ల పడి వెలుగుతనే ఉన్నది.

అది చెడ్డ చావని ఊరు తేల్చింది. ఊరి పెద్ద మంగల్ ఒక్కటే మాట చెప్పిండు. "నడి దారిన నెత్తురు పోసుకొని సచ్చినోడికి పెద్దల వరసల చోటు లేదు. రాయి నిలపొద్దు. వాడు దారి తెల్వక ఆ గట్టు మీదనే తిరుగుతడు." కేసా పెళ్లాం గంగే ఆ మాటకు ఏడ్వలేదు, కొట్లాడలేదు. చిన్నబిడ్డ ఆయతిని చంకన ఎత్తుకొని లేచి పోయింది.

పది దినాలైనంక లచ్చు జీపు బాగు చేయించిండు, కొత్త బల్బులు పెట్టిండు. రాత్రి గట్టెక్కిండు. అన్న లెక్కనే హారన్ కొట్టి ఆర్పి, దాటినంక వేసిండు. టప్! ఇంకో జత పెట్టిండు. టప్! ఇంకోటి. అదే గట్టు, అవే రాళ్లు, అదే చప్పుడు. కొంటా బజార్ల మాడవు, ఇంటి ముందర మాడవు. ఒక్క రాళ్లగట్టు కాడనే మాడుతయ్.

ఇంక ఊరి నోటికి మూత ఎవరు పెడతరు? "లైటు ఆరి సచ్చినోడు లైటును బతకనియ్యడు" అన్నరు. పొద్దుగూకితే లచ్చు జీపు ఎక్కేటోడు లేడు. అంతటితో ఊకున్నా బాగుండు. ఆయతి ఆడుకోను పోతే పిల్లలు "లైటు మింగినోని బిడ్డ వచ్చింది, దీపం దాచుండ్రి" అని ఉరికేటోళ్లు. ఆ పిల్ల ఇంటికొచ్చి తల్లిని అడిగేది, "నాయిన దీపాలు తింటడా అమ్మా?" అని. చిన్నపిల్ల అడిగే మాటేనా అది! గంగే రోజూ ఒకటే జవాబు చెప్పేది. "మీ నాయిన దీపం పట్టుకొని పోయిండు బిడ్డా. ఆర్పే మనిషి కాదు."

లచ్చుకు మాత్రం లోపల లోపల భయమే. నా కోసం సచ్చిండు, నా మీదనే కోపం పెట్టుకున్నడేమో అని. ఆ భయం ఎవరితోని చెప్పుకుంటడు?

చివరికి కొంటాల ఉమేష్ కాడికి పోయిండు. ఉమేష్ బండ్ల కరెంటు పని చేస్తడు, నోరు కొంచెం దురుసు. ముందు బల్బులు మాడిన సంగతి విని లచ్చు చేతులు పట్టుకొని వాసన చూసిండు. "ఇప్పనూనె రాసుకున్నవా? ఈ చేతులతోనే బల్బు అద్దం పట్టుకుంటివా? అరే యార్, నూనె అంటితే ఆ బల్బు వేడికి మాడదా!" అని తిట్టి, గుడ్డతో పట్టుకొని తనే కొత్తవి పెట్టిండు. అవీ గట్టు కాడ మాడినయ్. రెండోసారి వస్తే, వైర్లు వదులైనయన్నడు, కుదుపులకు తీగ తెగుతుందన్నడు. అన్నీ బిగించిండు. అవీ మాడినయ్.

మూడోసారి వస్తే ఉమేష్‌కు రోషం వచ్చింది. మీటర్ తెచ్చి బ్యాటరీకి తగిలించిండు. "ఇంజన్ పెంచు" అన్నడు. లచ్చు ఎక్సిలేటర్ తొక్కిండు. ముల్లు పైకి పోయింది... ఇంకా పోయింది. ఉమేష్ ఈల వేసిండు.

"పద్నాలుగు, మహా అయితే పద్నాలుగున్నర వోల్టుల కాడ ఆగాలె. ఇది పదహారు దాటింది. మీ బండిల కరెంటును అదుపుల పెట్టేది రెగ్యులేటర్. అది సచ్చి ఎన్నాళ్లైందో. సరే, ఇది చెప్పు. ఇంజన్ అన్నిటికన్నా గట్టిగ గుర్రుమనేది ఎక్కడ?"

"గట్టు ఎక్కేటప్పుడు."

"అక్కడ లైట్లు ఆర్పి, మళ్లీ వేస్తవా?"

"రాళ్ల కాడ... ఆర్పాలె గద."

"ఆఁ! అదీ సంగతి. లైట్లు వెలిగినంత సేపు ఎక్కువైన కరెంటును అవి కొంత తాగుతయ్. ఆర్పంగనే తాగేటోడు ఉండడు, అది ఇంకా లేస్తది. చల్లారిన బల్బును మళ్లీ వేస్తివనుకో, అదంతా ఒక్కసారే దాని నెత్తిన పడుతది. తెగక ఏం చేస్తది? దెయ్యం లేదు, గియ్యం లేదు."

లచ్చుకు ప్రాణం లేచొచ్చినట్టయింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మా అన్న కాదు! మా అన్న కాదు! ఉమేష్ మాత్రం నవ్వలేదు. "ఆ సామాను జగదల్‌పూర్ నుంచి రావాలె. అది వచ్చేదాకా గట్టు మీద లైటు ఆర్పకు. వెలిగింది వెలిగినట్టే ఉండనీ. ఆర్పినవా, ఇవీ పోతయ్" అని కొత్త జత పెట్టి పంపిండు.

లచ్చు ఉరుకుతనే ఇంటికి పోయి గంగేకు చెప్పిండు. గంగే చేట పక్కన పెట్టింది.

"అంటే ఆ రాత్రి కూడా ఇదేనా?"

"ఇదే వదినె."

"రాళ్లకు మొక్కి లైటు ఆర్పినందుకే సచ్చిండా?"

లచ్చు తల దించుకున్నడు. "ఇంక నువ్వు ఆర్పకు" అన్నది గంగే.

మాట చెప్పుడు అల్కటిదే. ఆర్పకుంటే పెద్దలు తల తిప్పుతరు, ఆర్పితే బల్బులు మాడుతయ్. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. లచ్చు ఆ గొడవే లేకుండ పొద్దుండంగనే ఇంటికి చేరుకుంట వచ్చిండు.

గాని రోగం పొద్దు చూసుకొని వస్తదా?

ఆ వారంలనే ఆయతికి జరం పట్టింది. మొదట చలి, పిల్ల వణికి వణికి అలిసిపోయింది. చీకటి పడ్డంక ఒళ్లు కాలిపోయింది. పళ్లు కరిచి కండ్లు పైకి తేలేసింది. నూట ఎనిమిదికి ఫోన్ చేద్దమంటే టవర్ లేదు. గంగే పిల్లను దుప్పట్ల చుట్టుకొని వచ్చి జీపుల కూసున్నది. లచ్చును రమ్మని కూడా అనలేదు. ఇంక లచ్చు చెప్పులన్నా వేసుకోలేదు.

జీపు ముందర మంగల్ చేతికర్ర అడ్డం పెట్టి నిలబడ్డడు. "ఇప్పుడు పోవద్దు. కోడి కూసినంక పోండి. ఆ గట్టు మీద ఎవడున్నడో తెల్వదా?"

"కోడి కూసేదాకా నా బిడ్డ ఉంటదా పెద్దయ్యా?" అన్నది గంగే. గొంతు కూడ పెంచలేదు. మంగల్ కర్ర తీసిండు.

రోడ్డు మీద పురుగు లేదు. లైట్లు మంచిగ వెలుగుతున్నయ్. గంగే ఎడమ పక్కన, ఒళ్లె బిడ్డ. బిడ్డ ఊపిరి చప్పుడు ఇంజన్ చప్పుడుల కూడ వినబడుతున్నది... గర గర, గర గర. లచ్చు నోట్ల ఒకటే అనుకుంట పోతున్నడు. ఆర్పను. ఆర్పను. ఈ రాత్రి ఆర్పను.

గట్టు మొదలైంది. రెండో గేరు. జీపు రొప్పుకుంట ఎక్కుతున్నది. వెలుగు కొసకు మొదటి రాయి తగిలింది...

చెయ్యి లేచింది.

మనిషి అనుకునేది వేరు, చెయ్యి నేర్చింది వేరు. పోరగాడిగ ఉన్నప్పటి నుంచి నేర్చిన చెయ్యి అది. హారన్ మోగింది. దాని వెంటనే స్విచ్చి తిరిగింది.

చీకటి.

"ఏంది లచ్చూ... ఆర్పినవ్?" గుసగుసగ అన్నది గంగే.

"నేను కాదు వదినె... చెయ్యి ఆర్పింది."

ఎక్సిలేటర్ మీంచి కాలు తీద్దమంటే జీపు వెనక్కి జారుతది. జారితే కింద వాగు. కాలు తొక్కిపెట్టి లైటు వేస్తే బల్బు మాడుతది. చీకట్లనే పోదమంటే ఒడ్డు ఎక్కడో తెల్వదు. ఎడమ పక్క నల్లగ ఒక్కొక్కటే రాయి దాటిపోతున్నది. బిడ్డ ఊపిరి ఒకసారి ఆగింది... మళ్లీ వచ్చింది.

లచ్చు కండ్లు మూసుకొని స్విచ్చి తిప్పిండు.

టప్.

విన్నడు. ఆ చప్పుడు తన గుండెల్లనే అయినట్టు విన్నడు. కండ్లు తెరవాలంటే భయం. తెరిచిండు.

ముందర వెలుగున్నది.

"ఒకటే పోయింది వదినె! ఒకటి మిగిలింది!" అని అరిచినంత పని చేసిండు. ఒక్క లైటు చాలు, ఒక్క లైటుతోని ఢిల్లీ దాకనైనా పోవచ్చు! వెలుగు పలచగ, పచ్చగ ఉన్నది. బ్యాటరీ ముసలిదైంది, అందుకే అనుకున్నడు. కొంచెం ఊగుతున్నది. లోపల బల్బు వదులైందేమో అనుకున్నడు. ప్రాణం మీదికి వచ్చిన మనిషి ఏదైనా అనుకుంటడు.

గట్టు దిగుతున్నరు. లచ్చు జోరు పెంచిండు. వెలుగు అంతే దూరంల ఉన్నది. దగ్గరికి రాదు, దూరం పోదు. ఒక వంపు వచ్చింది. స్టీరింగు తిప్పబోయిండు...

అతను తిప్పకముందే వెలుగు తిరిగింది.

ఇంకో వంపు. మళ్లీ అంతే. ముందు వెలుగు తిరుగుతున్నది, దాని వెనక జీపు పోతున్నది. గంగే దిక్కు చూద్దమనుకున్నడు, చూడలేకపోయిండు. గంగే బిడ్డ తలను రొమ్ముకు అదుముకొని ముందుకే చూస్తున్నది.

దిగువ మలుపు వచ్చింది. అన్న పోయిన మలుపు. అక్కడ వెలుగు ఆగింది. ఆగి... పక్కకు ఊగింది. పక్కకు, పక్కకు.

లచ్చు ఆలోచించలేదు. జీపును పొదల్లకు లాగిండు. ఆ మరుక్షణమే మలుపుల నుంచి లారీ ఒకటి రోడ్డంతా తనదే అన్నట్టు రయ్యిన దూసుకపోయింది. దాని గాలికి జీపు ఊగింది. దుమ్ము సద్దుమణిగినంక చూస్తే, ముందర రోడ్డు మీద పచ్చటి వెలుగు కదలకుండ ఉన్నది. వీళ్ల కోసం ఆగినట్టు.

"పోనీ" అన్నది గంగే. "దాని వెంటనే పోనీ."

లచ్చు దాని వెంటనే పోనిచ్చిండు. కొంటా ముందర సాయుధ బలగాల క్యాంపు ఉన్నది, రోడ్డుకు అడ్డం గేటు, పక్కన కాపలా టవర్. అక్కడికి రాంగనే టవర్ మీంచి పెద్ద లైటు పడ్డది. లచ్చు కండ్లు బైర్లు కమ్మి బ్రేకు తొక్కిండు. లైటు కాసేపు అటూ ఇటూ తిరిగి ఆరింది. చూస్తే ముందర పచ్చటి వెలుగు లేదు. ఏమీ లేదు. చీకటే.

జవాను ఒకడు తుపాకీ పట్టుకొని ఉరికొచ్చిండు. "లైట్ బంద్ కర్కే క్యోఁ ఆ రహా హై?" లైట్లార్పుకొని ఎందుకొస్తున్నవని గద్దించిండు.

"ఒకటి ఉన్నది సాబ్. ఇప్పుడే..." అనుకుంట లచ్చు దిగి బండి ముందరికి పోయిండు. జవాను టార్చి వేసి చూపించిండు. రెండు బల్బులూ నల్లగ మాడి ఉన్నయ్. లచ్చు అద్దం మీద చెయ్యి పెట్టిండు. ఇంత దూరం వెలిగిన లైటు అద్దం చేతికి కాలాలె. అది చల్లగ ఉన్నది.

"ఔర్ వో టార్చ్‌వాలా కహాఁ గయా?" ఆ టార్చివాడు ఎటు పోయిండని అడిగిండు జవాను.

"ఏ... ఏ టార్చివాడు సాబ్?"

జవానుకు కోపం వచ్చింది. హిందీల గడగడ చెప్పిండు. మీ బండి ముందు నడిచొచ్చినోడు. టవర్ మీంచి దూరం నుంచే చూసినం. టార్చి పట్టుకొని నడుస్తున్నడు, వెనక లైట్లు లేని మీ బండి. వాడు ఉరకలేదు, మామూలుగ నడుస్తనే ఉన్నడు, అయినా బండి వాన్ని అందుకోలేదు. అనుమానం వచ్చి పెద్ద లైటు వాని మీద కొట్టినం. వెలుగు పడంగనే ఆగిండు... "ముడ్‌కే దేఖా."

లచ్చు ఒకసారి వెనక్కి, జీపు దిక్కు చూసిండు.

"ఏమంటుండు?" జీపుల నుంచి అడిగింది గంగే.

"ఏం లేదు వదినె... దవాఖానకు పోతున్నమా అని అడుగుతుండు."

"నాకు ఆ మాత్రం హిందీ రాదా? ముడ్‌కే దేఖా అన్నడు. తల తిప్పి చూసిండన్నడు." గంగే గొంతు నిలకడగనే ఉన్నది. "ఎటు చూసిండో అడుగు."

లచ్చు అడగలేదు. గంగే తనే జవాను దిక్కు తిరిగింది. "సాబ్... కిధర్ దేఖా?"

జవాను తుపాకీ కొస ఎత్తి, జీపు ఎడమ పక్కకు చూపించిండు. గంగే కూసున్న దిక్కు. గంగే ఒళ్లె బిడ్డ పడుకున్న దిక్కు.

గంగే కొంగు లాగి బిడ్డ ముఖం మీద కప్పింది. గబుక్కున, నిప్పు మీద నీళ్లు పోసినంత తొందరగ. తన ముఖం మాత్రం చీకట్లకు తిప్పి పెట్టింది.

"నన్నే" అన్నది. "నన్నే చూసిండు. వినబడ్డదా లచ్చూ? ఆయన నన్నే చూసిండు."

జవాన్లే వాళ్ల బండిల దవాఖానకు చేర్చిన్రు. మలేరియా నెత్తికెక్కిందన్నడు డాక్టరు, ఇంకొంచెం ఆలస్యమైతే చేతుల్ల ఉండేది కాదన్నడు. సూదులు, సెలైన్లు. మూడోనాటికి పిల్ల కండ్లు తెరిచి గంజి అడిగింది. బతికింది.

రెగ్యులేటర్ వచ్చింది. ఉమేష్ బిగించిండు, మీటర్ ముల్లు పద్నాలుగు కాడనే ఆగింది. లచ్చు జీపు లైట్లు ఇప్పుడు గట్టు మీద ఆర్పినా మాడవు, వేసినా మాడవు. ఉమేష్ వచ్చినోడికల్లా ఈ ముచ్చట చెప్పి నవ్వుతడు. అతనికి సగమే తెలుసు మరి.

ఆ రాత్రి సంగతి విని మంగల్ కూడ మెత్తబడ్డడు. బిడ్డకు దారి చూపినోడు దారి తప్పినోడు ఎట్లయితడు, పెద్దల వరసల నిలపండి అన్నడు. రాయి కోసం లచ్చు వాగులకు పోతే గంగే వెంట వచ్చింది. నిలువెత్తు నల్లరాయి ఒకటి చూపించింది. అది కేసాకు. అంతటితో ఆగలేదు. నీళ్లల్ల కొంచెం అటు నడిచి, ఇంకో రాయి మీద చెయ్యి పెట్టింది. మొదటి దానికన్నా పొట్టిది, నున్నటిది.

"ఇది కూడ ఎక్కించు."

"ఇదెందుకు వదినె?"

"ఉండనీ. మళ్లీ ఇంత దూరం రావాలంటే నీకు కష్టమైతది." అని కొంచెం ఆగి, "బిడ్డకు జడ వేసుడు నేర్చుకో లచ్చూ" అన్నది.

కేసా రాయి గట్టు మీద నిలబడ్డది. రెండోది లచ్చు ఇంటి ముందర చింతచెట్టు కింద పడుకోబెట్టి ఉన్నది. గంగే రోజూ మంచిగనే తిరుగుతున్నది, నవ్వుతున్నది కూడ. ఎవరన్నా అడిగితే ఆ చూపు నాదే అంటది, ఇంకొకరిది కానియ్యదు.

లచ్చు మాత్రం పొద్దున లేవంగనే ముందు ఆ రాయి దిక్కు చూస్తడు. ఆయతి దాని మీద కూసొని చింతపిక్కలు ఆడుకుంటుంటది.

ఆ రాత్రికి ఏడాది ఇంకా నిండలేదు.